క్విజ్‌లో తొంభై మార్కులు, ఫిర్యాదు మాత్రం ఫోన్‌లోనే: మేనేజర్లకు ఏం నేర్పాలి?

ప్రశ్న: మా సంస్థలో సుమారు 400 మంది పనిచేస్తారు. వాళ్లలో టీమ్ లీడ్‌లు, షిఫ్ట్ ఇన్‌చార్జిలు, మేనేజర్లు కలిపి 36 మంది. కాంట్రాక్టు మీద వచ్చేవాళ్లు మరో 120 మంది దాకా ఉంటారు. నేను హెచ్‌ఆర్‌లో పనిచేస్తాను. పోయినేడు మేనేజర్లందరికీ మానవ హక్కులు, వివక్ష, వేధింపుల మీద రెండు గంటల క్లాసు, చివర్లో ఆన్‌లైన్ క్విజ్ పెట్టించాం. దాదాపు అందరికీ నూటికి తొంభై దాటాయి. ఆ తర్వాత రెండు సంగతులు జరిగాయి. తన షిఫ్ట్ ఇన్‌చార్జి మాట్లాడే తీరు గురించి ఒక ఉద్యోగిని టీమ్ లీడ్‌కి వాట్సాప్‌లో రాస్తే, ఆ మెసేజ్ ఆరు వారాలు ఆయన ఫోన్‌లోనే ఉండిపోయింది. "ఎవరికీ చెప్పొద్దంది, అందుకే చెప్పలేదు" అంటాడాయన. వినికిడి లోపం ఉన్న మరో ఉద్యోగి, మీటింగుల్లో మాటలు అందడం లేదని మూడుసార్లు చెప్పి చూసి, చివరికి రాజీనామా చేశారు. యాజమాన్యం మళ్లీ ఒకరోజు ట్రైనింగ్ పెట్టమంటోంది. అదే తంతు మళ్లీ నడపడం నాకిష్టం లేదు. ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి, పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

సమాధానం:

ఈ రెండూ తెలియక జరిగినవి కావు. వేధింపు అంటే ఏమిటో ఆ టీమ్ లీడ్‌కి తెలుసు. క్విజ్‌లో సరైన గడిలోనే టిక్కు పెట్టి ఉంటాడు. మెసేజ్ కింద "ప్లీజ్, ఎవరికీ చెప్పకండి" అని ఉన్నప్పుడు తిరిగి ఏం టైపు చేయాలో మాత్రం ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఈసారి శిక్షణ ఆ చోటి నుంచి మొదలుపెట్టండి.

మేనేజరు నుంచి మీరు ఆశించాల్సిన పనులు మూడే. సమస్యను సమస్యగా గుర్తుపట్టడం, చెప్పేవారిని సరిగ్గా వినడం, 24 గంటల్లో దాన్ని చేరాల్సిన చోటికి చేర్చడం. ఎవరి మాట నిజమో తేల్చడం ఆయన పని కాదు. చాలా శిక్షణలు చెడిపోయేది ఇక్కడే. నిర్వచనాలు, సెక్షన్లు, తీర్పులు చెప్పి మేనేజరును సగం న్యాయమూర్తిని చేసి వదులుతారు. ఆయన ఇద్దర్నీ తన గదిలోకి పిలిచి పంచాయితీ పెడతాడు, లేదా తేల్చుకోలేక కిమ్మనకుండా ఊరుకుంటాడు. రెండింటిలో ఏది ఎక్కువ నష్టమో చెప్పడం కష్టం.

ట్రైనింగ్ తేదీ ఖాయం చేసే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఐదుగురు మేనేజర్లను విడివిడిగా ఒకే ప్రశ్న అడగండి: "ఇవాళ మధ్యాహ్నం ఒకరు మీ దగ్గరికొచ్చి, పై అధికారి తన చెయ్యి పట్టుకున్నాడని చెప్పారనుకోండి. సాయంత్రంలోగా మీరు ఎవరికి ఫోన్ చేస్తారు?" ఐదుగురూ ఐదు పేర్లు చెబితే మీకు కావాల్సింది ముందు ట్రైనర్ కాదు, ఒక పేజీ కాగితం. అందులో ఉండాల్సినవి: ఎవరికి చెప్పాలి, ఆ మనిషి సెలవులో ఉంటే ఎవరికి, రాత్రి షిఫ్ట్‌లో ఎవరికి, ఫిర్యాదు హెచ్‌ఆర్ అధిపతి మీదో యజమాని మీదో అయితే ఎవరికి. ఈ చివరి గడిని ఖాళీగా వదిలేసే సంస్థలే ఎక్కువ. కింది ఉద్యోగులు మొట్టమొదట వెతికేది కూడా ఆ గడినే.

కాంట్రాక్టు మనిషి ఫిర్యాదు ఎటు వెళ్లాలో కూడా ఆ పేజీలోనే రాయండి. "అతను మా రోల్స్‌లో లేడు" అన్నది షిఫ్ట్ ఇన్‌చార్జిల నోట తరచూ వినపడే మాట. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఆమోదించి, 2021 జూన్ 25 నుంచి అమల్లోకి తెచ్చిన 190వ ఒప్పందం ఈ విషయంలో తేటగా ఉంది. పనిచోట హింస, వేధింపుల నుంచి రక్షణ కాంట్రాక్టు ఏదైనా పనిచేసే ప్రతివారికీ వర్తిస్తుంది. ఇంటర్న్‌లు, అప్రెంటిస్‌లు, వాలంటీర్లు, ఉద్యోగం కోసం వచ్చినవారు, ఉద్యోగం పోయినవారు కూడా అందులో ఉన్నారు. పనిచోటు అంటే నాలుగు గోడలే కాదు. పని మీద వెళ్లే ప్రయాణాలు, ఇంటికీ ఆఫీసుకీ మధ్య రాకపోకలు, సంస్థ ఇచ్చే వసతి, పనికి సంబంధించిన ఫోన్లు, మెసేజ్‌లు అన్నీ వస్తాయి. మీ దేశం ఆ ఒప్పందాన్ని ధ్రువీకరించినా, ధ్రువీకరించకపోయినా, మీ సొంత పాలసీకి హద్దులు గీసుకోవడానికి ఇంతకంటే మంచి కొలబద్ద దొరకదు.

మేనేజరు విన్నదాన్ని పైకి చేర్చడానికి గడువు 24 గంటలు పెట్టండి. ఒంటికి ప్రమాదం ఉందనిపిస్తే గంటలు లెక్కపెట్టకుండా అప్పటికప్పుడే. ఇంత బిగించడం ఎందుకంటే చట్టం గడియారం ఆగదు. భారతదేశంలో 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద ఘటన జరిగిన మూడు నెలల్లో ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే, ఆ చట్టం కింద ఫిర్యాదులు విచారించే కమిటీ మరో మూడు నెలల దాకా పొడిగించగలదు. అమెరికాలో వివక్ష ఫిర్యాదుకు సాధారణంగా 180 రోజులు, స్థానిక చట్టాన్ని అమలుచేసే ఏజెన్సీ ఉన్నచోట 300 రోజులు. మీ టీమ్ లీడ్ ఫోన్‌లో గడిచిపోయిన ఆరు వారాలు మూడు నెలల గడువులో దాదాపు సగం. సాక్ష్యం సంగతి ఇంకా తొందరపెడుతుంది. సీసీటీవీ డిస్క్ నిండగానే పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కేస్తుంది. చాట్‌లు డిలీట్ అవుతాయి, షిఫ్ట్‌లు మారి సాక్షులు చెదిరిపోతారు.

ఇక పాఠం. మానవ హక్కులు అనగానే చాలామంది షిఫ్ట్ ఇన్‌చార్జిలకు పోలీస్ లాకప్పులో, యుద్ధాలో గుర్తొస్తాయి. తాను రోజూ వేసే రోస్టర్‌తో వాటికి సంబంధముందని తోచదు. కాబట్టి నిర్వచనాలు పక్కనపెట్టి, వాళ్ల చేతిలోని కాగితాలనే బల్ల మీద పరిపించండి. పోయిన నెల రోస్టర్, ఓటీ (ఓవర్‌టైమ్) జాబితా, తిరస్కరించిన సెలవుల జాబితా, చివరి రెండు ఇంటర్వ్యూల్లో అడిగిన ప్రశ్నలు. పేర్లు కప్పేసి ఉండాలి. వాటి మీద ఐదు రంగుల పెన్నులతో ఐదు సంగతులు గుర్తించమనండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1998 ప్రకటనలోని నాలుగు మూల సూత్రాలకు 2022లో సురక్షితమైన, ఆరోగ్యకరమైన పని వాతావరణం తోడై ఐదయ్యాయి. మిగతా నాలుగు: సంఘం పెట్టుకునే, సమష్టిగా బేరమాడే స్వేచ్ఛ, బలవంతపు చాకిరీ ఉండకపోవడం, బాలకార్మికత ఉండకపోవడం, ఉద్యోగంలో వివక్ష ఉండకపోవడం.

ఇక్కడ సమయం ఎక్కువ ఇవ్వాల్సింది బలవంతపు చాకిరీకి. "మా దగ్గర అదెక్కడిది" అని నవ్వి పేజీ తిప్పేసే అంశం ఇదే. అంతర్జాతీయ కార్మిక సంస్థ దీనికి 11 సూచికలు చెబుతుంది. గుర్తింపు పత్రాలు దగ్గర పెట్టుకోవడం, జీతం ఆపి ఉంచడం, అప్పుతో కట్టేయడం, బెదిరించడం, మితిమీరిన ఓటీ వాటిలో కొన్ని. సూచిక కనిపించినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు, కానీ ఆగి అడగాలి. ఇప్పుడు మేనేజర్లను అడగండి. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు "భద్రంగా ఉంచుతాం" అని ఎవరైనా తీసుకుంటున్నారా? కాంట్రాక్టర్ తన మనుషుల దగ్గర పని ఇప్పించినందుకు డబ్బు వసూలు చేశాడా? ఓటీ కాదంటే వచ్చే వారం డ్యూటీ ఉండదనే మాట షిఫ్ట్‌లో నడుస్తోందా? గది నిశ్శబ్దమైతే ఆ అంశం మీద మీకు ఇంకా పని ఉందని అర్థం.

వివక్ష దగ్గర 1958 నాటి 111వ ఒప్పందం ఏడు ఆధారాలు పేర్కొంటుంది: జాతి, రంగు, లింగం, మతం, రాజకీయ అభిప్రాయం, జాతీయ మూలం, సామాజిక మూలం. కులం ఈ చివరి దాని కిందికే వస్తుంది. వైకల్యం, వయసు, లైంగికత వంటివి దేశాల చట్టాలను బట్టి చేరతాయి; మీ చోట వర్తించే జాబితా మీ లాయర్‌తో సరిచూసుకోండి. మేనేజర్ల చేత ఆ జాబితా బట్టీ కొట్టించకండి. ఒక్క అలవాటు నేర్పితే చాలు: ఎవరికైనా కాదు అనేముందు, అదే పరిస్థితిలో వేరొకరికి అవునన్నానా అని రికార్డు తీసి చూడటం. ఇంటర్వ్యూలో "పెళ్లెప్పుడు", "పిల్లల్ని ఎవరు చూసుకుంటారు" లాంటి ప్రశ్నలు ఆడవాళ్ల దగ్గరే ఎందుకు అడుగుతున్నామో ఆ అలవాటుతోనే తడుతుంది.

ఇప్పుడు అసలు సాధన. యాజమాన్యం ఒకరోజు ఇస్తోంది కదా. ఆ ఆరు గంటలనే రెండేసి గంటల చొప్పున మూడు ముక్కలు చేసి, మధ్యలో రెండు వారాల ఎడం పెట్టండి. ఖర్చయ్యే సమయం అంతే కాబట్టి ఒప్పించడం తేలిక. మీ 36 మందిని పన్నెండేసి చొప్పున మూడు బ్యాచ్‌లు చేయండి. ఒకే గొలుసులో ఉన్న పైవాడినీ కిందివాడినీ ఒకే బ్యాచ్‌లో వేయకండి, ఇద్దరిలో ఒకరు నోరు విప్పరు. అన్నిటికంటే ముందు బ్యాచ్‌లో పెద్ద మేనేజర్లు కూర్చోవాలి. వాళ్లు మొదటి అరగంట కూర్చుని "మీరు కానివ్వండి" అని లేచిపోతే, మిగతావాళ్లకు అందాల్సిన సందేశం అప్పుడే అందిపోతుంది.

బ్యాచ్‌లో ముగ్గురేసి నాలుగు జట్లు. ఒకరు చెప్పేవారు, ఒకరు మేనేజరు, ఒకరు గమనించేవారు. ఆరు నిమిషాలు సంభాషణ, నాలుగు నిమిషాలు గమనించినవారి మాట, తర్వాత రెండు నిమిషాలు తడబడిన చోటునే మళ్లీ ఆడటం. పాత్రలు మార్చుకుంటూ మూడు వంతులు తిరిగితే 36 నిమిషాలు. ఆ చివరి రెండు నిమిషాలను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కోయకండి. తప్పు ఎక్కడో విన్నంత మాత్రాన నోరు తిరగదు. సరైన వాక్యాన్ని ఒకసారి సొంత గొంతుతో పలికాకే తిరుగుతుంది.

చెప్పేవారికి ఇచ్చే కాగితంలో ఒక కిటుకు ఉండాలి. ఫిర్యాదు ఎప్పుడూ ఫిర్యాదులా మొదలవ్వకూడదు. పనిచోట "నన్ను వేధిస్తున్నారు" అంటూ లోపలికొచ్చేవాళ్లు అరుదు. ఇలా వస్తారు:

"సార్, వచ్చే నెల నన్ను వేరే షిఫ్ట్‌లో వేయగలరా?"

"వేయొచ్చు. ఏమైనా ఇబ్బందా?"

"అబ్బే, ఏం లేదు సార్. ఊరికే."

ఎక్కువమంది ఇక్కడ "సరే చూద్దాం" అని కంప్యూటర్ వైపు తిరుగుతారు. సాధన చేసినవారు ఇంకో వాక్యం జోడిస్తారు: "షిఫ్ట్ సంగతి చూస్తాను. ఇప్పుడున్న చోట ఏదైనా జరిగి అడుగుతుంటే నాతో చెప్పొచ్చు, ఇప్పుడే చెప్పాలనేం లేదు." ఆ తర్వాత మనసులో పది లెక్కపెట్టేదాకా మాట్లాడకూడదు. ఆ మౌనం భరించడమే ఈ సాధనలో అన్నిటికంటే కష్టమైన భాగం. గమనించేవారి కాగితంలో దానికొక గడి పెట్టండి.

మీ టీమ్ లీడ్ చిక్కుకున్న చోటు విడిగా, కనీసం రెండుసార్లు ఆడించండి. "ఎవరికీ చెప్పకండి" అన్నప్పుడు చెప్పనని మాటిచ్చినా తప్పే, "అయితే నాకు చెప్పొద్దు" అన్నా తప్పే. పనికొచ్చే జవాబు ఇలా ఉంటుంది: "మీరు చెప్పడం మంచిదైంది. ఒక్క మాట ముందే చెబుతాను. ఇలాంటిది విన్నాక నా దగ్గరే దాచుకోవడానికి వీల్లేదు. ఫలానా మేడమ్‌కి ఒక్కరికే చెబుతాను, టీమ్‌లో ఎవరికీ తెలియదు. ఆవిడని మీరే కలుస్తారా, ఆవిడనే ఫోన్ చేయమంటారా?" చెప్పాలా వద్దా అన్నది ఇక్కడ చర్చకు రాలేదు. ఎలా అన్నది మాత్రం బాధితురాలి చేతిలోనే ఉంది. అసలు భయం గోప్యత గురించి కాబట్టి, ఎవరికి తెలుస్తుందో పేరుతో సహా చెప్పడంతో ఆ భయం చాలావరకు దిగుతుంది. వాట్సాప్‌లో వస్తే వివరాలు అక్కడ అడగకూడదు. "చదివాను. దీన్ని తేలిగ్గా తీసుకోను. ఇప్పుడు ఫోన్ చేయొచ్చా?" అని రాసి, మాట్లాడాక పై మాటలే చెప్పాలి. ఆ మెసేజ్‌ను స్క్రీన్‌షాట్ తీసి ఏ గ్రూపులోనూ పెట్టకూడదని వేరే చెప్పాలా అనిపిస్తుంది. చెప్పాలి.

మేనేజరు అడగాల్సిన ప్రశ్నలు నాలుగు చాలు: ఏం జరిగింది, ఎప్పుడు ఎక్కడ, ఎవరైనా చూశారా లేదా మెసేజ్‌ల వంటివి ఉన్నాయా, ఇప్పుడు మీరు క్షేమంగా ఉన్నారా. ఐదో ప్రశ్న నుంచి విచారణ మొదలవుతుంది, అది వేరేవాళ్ల పని. అసలు విచారణ చేసేవారికి ఆ మనిషి రెండోసారి, మూడోసారి అదే కథ చెప్పాల్సి వస్తే మాటల్లో చిన్న తేడాలు వస్తాయి. తర్వాత వాటినే పట్టుకుని "అబద్ధం" అంటారు.

నోట జారే మాటలు కొన్ని ఉంటాయి. "ఆయన అలాంటివాడు కాదే", "అప్పుడే ఎందుకు చెప్పలేదు", "కొంచెం సర్దుకోండి, క్వార్టర్ ఎండింగ్", "నేను చూసుకుంటాను, మర్చిపోండి". చివరిది వినడానికి దయగా ఉంటుంది కాబట్టి ఎక్కువ ప్రమాదం. ఇంకొకటి, మంచి ఉద్దేశంతోనే ఫిర్యాదు చేసిన మనిషిని వేరే చోటికి బదిలీ చేయడం. అలవాటైన పని, అలవెన్సు, తోటివాళ్లు అన్నీ పోగొట్టుకునేది ఆవిడ. ఎడంగా ఉంచడం అవసరమైతే ముందు ఆవిడను అడగాలి, నిర్ణయం హెచ్‌ఆర్ తీసుకోవాలి.

ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషికీ హక్కులున్నాయి, ఇది కూడా శిక్షణలో పదినిమిషాలు రావాలి. విచారణ తేలేదాకా అది ఆరోపణే. తనమీద ఏముందో తెలుసుకునే, జవాబు చెప్పుకునే అవకాశం ఆయనకుండాలి, ఆయన పేరూ క్యాంటీన్‌లో నలగకూడదు. అయితే ఆ కబురు ఆయనకు అందించేది మేనేజరు కాదు. "ముందే ఒక మాట చెవిన వేశాను" అనే స్నేహధర్మం వల్ల సాక్ష్యాలు మాయమైన కేసులకు లెక్కలేదు.

సాధనలో ఒక జాగ్రత్త. పాల్గొనేవాళ్లలో స్వయంగా ఇలాంటివి అనుభవించినవారు తప్పకుండా ఉంటారు. కాబట్టి పాత్ర వద్దంటే కారణం అడగకుండా గమనించే పని ఇవ్వండి. మీ సంస్థలో జరిగిన కేసును పేర్లు మార్చి వాడొద్దు, అందరూ పోల్చుకుంటారు. గొంతు మార్చి ఆడపాత్రను నవ్వులాటగా చేసేవారిని ట్రైనర్ మొదటి నిమిషంలోనే ఆపాలి.

రెండో సెషన్‌లో సగం నోట్ రాయడానికి కేటాయించండి. మాట్లాడటం బాగానే వచ్చినా నోట్ దగ్గర మేనేజర్లు తమకు తెలియకుండానే తీర్పు రాసేస్తారు. "బాగా ఉద్రేకంలో ఉంది, బహుశా అపార్థం చేసుకున్నట్టుంది" అన్నది నోట్ కాదు. ఇలా ఉండాలి: "14వ తేదీ సాయంత్రం 4.20కి నా గదిలో, మేమిద్దరమే. ఆమె చెప్పింది: 'స్టోర్ దగ్గర దారి అడ్డుగా నిలబడి, ఫోటో పంపమన్నాడు.' ఇది 11వ తేదీ రాత్రి షిఫ్ట్‌లో జరిగిందన్నారు. చూసినవారు ఒకరున్నారన్నారు, పేరు చెప్పారు. తన ఫోన్‌లో రెండు మెసేజ్‌లు చూపించారు. డిలీట్ చేయవద్దని చెప్పాను. క్షేమంగా ఉన్నారా అని అడిగాను, ఇవాళ రాత్రి అదే షిఫ్ట్ ఉందన్నారు. 4.55కి ఫలానా అధికారికి ఫోన్ చేసి చెప్పాను." ఆమె మాటలు ఉటంకింపుల్లో, మేనేజరు అన్నవి విడిగా, టైము. విశేషణాలు సున్నా. తరగతిలో రెండు నిమిషాల ఆడియో వినిపించి నోట్ రాయించి, పక్కవారిచేత అభిప్రాయం అనిపించిన ప్రతి పదం కింద గీత గీయించండి. రాసిన నోట్ మేనేజరు మెయిల్‌లోనో డెస్క్‌టాప్ మీదో ఉండకూడదు. అప్పగించాక తన కాపీ తీసేయాలి.

మూడో సెషన్ మీ రెండో సంఘటన గురించి. ఇక్కడ సూత్రం తిరగబడుతుంది. వేధింపుల ఫిర్యాదులో మేనేజరు ఎంత తక్కువ చేస్తే అంత మంచిది. వెసులుబాటు, అంటే తన అవసరానికి తగ్గట్టు పనిలో మార్పు, ఎవరైనా అడిగినప్పుడు ఆయనే చొరవ తీసుకుని చేయాలి. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006 ఒప్పందం తగిన వెసులుబాటు నిరాకరించడాన్నే వివక్షగా లెక్కిస్తుంది. సంస్థ మీద మోయలేని భారం పడేంత పని అయితే మినహాయింపు ఉంది, కానీ ఆ భారం ఎంతో తేల్చేది టీమ్ లీడ్ కాదు. అందుకే ఒక నియమం పెట్టుకోండి: సరే అనే అధికారం మేనేజరుకు ఉంటుంది, కుదరదు అనే అధికారం ఉండదు. కాదనాలంటే కారణం రాసి పైకి పంపాలి. ఈ ఒక్క నియమం మీ దగ్గర ఉండుంటే, మూడుసార్లు చెప్పిన మాట కనీసం మూడు కాగితాలై పైకి వెళ్లేది.

సంభాషణ ఎలా సాగాలో కూడా ఆడించండి. జబ్బు పేరు, వినికిడి శాతం మేనేజరు అడగక్కర్లేదు. వైద్య కాగితం ఏదైనా అవసరమైతే అది హెచ్‌ఆర్‌కి, గోప్యంగా వెళ్లాలి. అడగాల్సింది పని గురించి: "మీటింగ్‌లో ఏ చోట మాట అందకుండా పోతోంది? ఇదివరకు ఎక్కడైనా ఏది పనికొచ్చింది?" జవాబులు మనం ఊహించుకున్నట్టు ఉండవు. వినికిడి లోపం ఉన్న అందరూ పెదవుల కదలిక చదవలేరు, అందరికీ సంజ్ఞా భాష రాదు. ఒకరికి క్యాప్షన్లు చాలు, ఒకరికి దుబాసీ కావాలి, ఇంకొకరికి ఎజెండా ముందురోజు చేతికొచ్చి, ఒకసారికి ఒకరే మాట్లాడితే సరిపోతుంది. మాట్లాడేవారి ముఖం మీద వెలుగు పడేలా కూర్చోవడం, కిటికీకి వీపు పెట్టకపోవడం, స్లైడ్ వైపు తిరిగి మాట్లాడకపోవడం లాంటివాటికి రూపాయి ఖర్చు కాదు. ఆటోమేటిక్ క్యాప్షన్లు పేర్లు, అంకెలు, భాషలు కలిపి మాట్లాడే మాటల దగ్గర తడబడతాయి; తేదీలు, బాధ్యతలు మీటింగ్ అయ్యాక రాసి పంపాలి. ఏది ఒప్పుకున్నా నాలుగు వారాలు చూసి మళ్లీ మాట్లాడేలా తేదీ వేసుకోవాలి. ఒప్పుకున్నది నెలకల్లా మరుగున పడటమే ఎక్కువగా జరిగే వైఫల్యం. మేనేజరు మారినప్పుడు ఇంకా ఎక్కువ.

మతపరమైన సెలవులు, పాలిచ్చే తల్లుల విరామాలు, ఇంట్లో రోగిని చూసుకోవాల్సినవారి వేళలు, వీటికీ ఇదే పద్ధతి. ఒకరి వెసులుబాటు ఇంకొకరి షిఫ్ట్ మీద పడితే, భారం ప్రతిసారీ ఆ ఒక్కరిమీదే పడకుండా రోస్టర్ తిప్పాలి. "ఫలానావాళ్ల కోసం మీకిలా అయింది" అని మాత్రం అనకూడదు.

కక్ష సాధింపు సంగతి విడిగా చెప్పాలి. పట్టుకోవడం అన్నిటికంటే కష్టం అదే. కేకలు, బెదిరింపులు రావు. ఫిర్యాదు చేసినవారికి ఓటీ తగ్గుతుంది, మీటింగ్ ఆహ్వానం రావడం మానేస్తుంది, అప్రైజల్‌లో "టీమ్‌తో కలవదు" అని పడుతుంది. చాలాసార్లు మేనేజరు అది కక్ష అని కూడా అనుకోడు, ఇబ్బందిగా ఉండి దూరం జరుగుతాడు, అంతే. కాబట్టి ఫిర్యాదు వచ్చిన రోజునుంచి రెండో వారం, ఆరో వారం, పన్నెండో వారం హెచ్‌ఆర్ నుంచి ఎవరో ఒకరు ఆ మనిషి షిఫ్ట్‌లు, ఓటీ, సెలవులు, రేటింగ్ ముందు మూడు నెలలతో పక్కపక్కన పెట్టి చూడాలి. సాక్ష్యం చెప్పినవారివి కూడా. ఆ కాలంలో వాళ్ల గురించి ఏ ప్రతికూల నిర్ణయమైనా హెచ్‌ఆర్‌తో మాట్లాడాకే. అంటే ఫిర్యాదు చేసినవారి పనితీరు ఎవరూ అడగకూడదని కాదు. ఫిర్యాదుకు ముందే మొదలై, రాతలో ఉన్న ప్రక్రియ యథాతథంగా సాగవచ్చు. ఫిర్యాదు మర్నాడు పుట్టుకొచ్చిన మెమో సంగతే వేరు.

చట్టం ఎక్కడ చెప్పాలి అంటారా, మూడో సెషన్ చివర అరగంట. మీ దేశపు చట్టం తెలిసిన లాయర్ వచ్చి మేనేజర్లకు తగిలే సంగతులు మాత్రం చెప్పాలి: గడువులు, గోప్యత ఉల్లంఘిస్తే ఏమవుతుంది, రాజీకి ఎవరికి అధికారం ఉంది. ఉదాహరణకు పైన చెప్పిన భారత చట్టంలో రాజీ ప్రయత్నం బాధితురాలు కోరితేనే, కమిటీ ద్వారానే జరగాలి, డబ్బు ఆధారంగా జరగకూడదు. "మా గదిలో మాట్లాడి సెటిల్ చేశాం" అని గొప్పగా చెప్పుకునే మేనేజరుకు ఈ ఒక్క ముక్క చాలు.

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుందని అడిగారు. క్విజ్ మానేసి, మేనేజరు విన్న సమయానికీ మీకు అప్పగించిన సమయానికీ మధ్య ఎన్ని గంటలన్నది లెక్కపెట్టండి. నోట్‌లో రెండు టైములూ ఉంటాయి కాబట్టి వేరే శ్రమ లేదు. రెండు మూడు నెలల తర్వాత ప్రతి మేనేజరుతో పది నిమిషాల సాధన మళ్లీ ఒకటి ఆడించి, అదే గడుల కాగితంతో చూడండి. అయితే నిజమనిపించేలా నకిలీ ఫిర్యాదు పంపి పరీక్షించొద్దు, ఒక్కసారి బయటపడితే తర్వాత వచ్చే నిజమైన ఫిర్యాదును కూడా "ఇదీ టెస్టేనేమో" అంటారు. ఉద్యోగులను పేరు లేకుండా రెండే ప్రశ్నలు అడగండి: సమస్య వస్తే ఎవరికి చెప్పాలో తెలుసా, చెబితే మీకు నష్టం జరగదని నమ్ముతున్నారా. పది మందికంటే తక్కువ ఉన్న టీమ్ ఫలితాలు విడిగా చూపించకండి, ఎవరేమన్నారో తెలిసిపోతుంది.

యాజమాన్యానికి ముందే చెప్పిపెట్టాల్సింది ఒకటుంది. శిక్షణ సరిగ్గా జరిగితే మొదటి ఏడాది ఫిర్యాదులు పెరగొచ్చు. ఇన్నాళ్లూ ఫోన్లలో ఉన్నవి బయటికొస్తాయి. ఆ అంకె చూసి కంగారుపడి మేనేజర్ల టార్గెట్లలో "సున్నా ఫిర్యాదులు" అని రాయించారంటే, ఫిర్యాదులు నిజంగానే సున్నా అవుతాయి, ఎలా అవుతాయో మీరు ఒకసారి చూశారు. టార్గెట్ పెట్టాల్సిందే అంటే 24 గంటల్లో అప్పగించినవి ఎన్ని అన్నది పెట్టమనండి.

ఆ టీమ్ లీడ్‌ను ఏం చేయాలని మీరు అడగలేదు, కానీ ఆ ప్రశ్న మీ బల్ల మీదికి వస్తుంది. అప్పట్లో ఆయనకు రాతపూర్వకంగా దారి చూపించారా, గడువు చెప్పారా అన్నది ముందు చూడండి. చూపించకపోతే శిక్షించడం వల్ల మిగతా 35 మంది నేర్చుకునేది ఒక్కటే, మెసేజ్ చదవనట్టు నటించడం. ఆయనతో నోట్ రాయించి, ఆ ఉద్యోగినితో హెచ్‌ఆర్ నేరుగా మాట్లాడి, ఆలస్యం సంస్థదేనని రాసి ఇచ్చి, గడువు పొడిగింపు కోరే వీలుంటే ఈ వారంలోనే ఆ సంగతి ఆమెకు చెప్పండి. రాజీనామా చేసినవారితో కూడా ఒకసారి మాట్లాడండి. తిరిగి రమ్మని బతిమాలడానికి కాదు, మూడుసార్లు ఎవరెవరికి, ఏ రూపంలో చెప్పారో తెలుసుకోవడానికి. వాళ్లకు అభ్యంతరం లేకపోతేనే సుమా. ఇకపై ఎవరికి టీమ్ లీడ్ హోదా ఇచ్చినా, ఆ ఒక పేజీ కాగితం, మొదటి సెషన్ సాధన రెండు వారాల్లోపు అందాలి. తర్వాతి బ్యాచ్ వచ్చేదాకా ఆగితే, ఈలోపు వాళ్ల ఫోన్‌కీ మెసేజ్ రావచ్చు.